ఇద్దరికీ కలిపి నేచురల్ లేటెక్స్ పరుపు, గట్టిదా మెత్తదా తేలట్లేదు

అర్ధరాత్రి మెలకువ:

అందరికీ నమస్తే. పరుపు కొనడం ఇంత పెద్ద గొడవ అవుతుందని అనుకోలేదండి. మాది తొమ్మిదేళ్ళ నాటి స్ప్రింగ్ పరుపు, మధ్యలో గుంత పడిపోయింది, ఇద్దరం చెరో అంచున పడుకున్నా తెల్లారేసరికి దొర్లుకుంటూ వచ్చి ఆ గుంతలోనే తేలతాం, పైగా మా ఆయన ఒక్కసారి పక్కకి తిరిగితే నేను పడవలో ఉన్నట్టు ఊగిపోయి లేచి కూర్చుంటా. మధ్యలో దాని మీద మెమరీ ఫోమ్ (నొక్కితే మెల్లగా పైకి లేచే రకం) టాపర్, అంటే పైన పరిచే పల్చటి పొర, వేసి చూశాం, ఆయనకి ఒకటే వేడి, నాకేమో పక్కకి తిరగాలంటే బురదలోంచి కాలు లాక్కున్నట్టు ఉండేది, చుట్టి మూల పడేశాం. అందుకే ఈసారి నేచురల్ లేటెక్స్, అదే రబ్బరు పాలతో చేసేది, అనుకుంటున్నాం.

నేను 52 కేజీలు, ఎప్పుడూ ఒక పక్కకి తిరిగే పడుకుంటా. ఆయన 88, వెల్లకిలా మొదలుపెట్టి అర్ధరాత్రికి బోర్లా అయిపోతారు. షాపులో నాకు గట్టిది నచ్చింది, నడుముకి గట్టి పరుపే మంచిదని చిన్నప్పట్నుంచీ వింటున్నాం కదా. ఆయనకేమో మెత్తది నచ్చింది. సేల్స్ అబ్బాయి మా గొడవ విని విని చివరికి మీడియం తీసుకోండి మేడమ్ ఇద్దరికీ సరిపోద్ది అనేశాడు. నిజంగా సరిపోతుందా? డన్‌లప్, టాలలే అని రెండు రకాలు చెప్పాడు, ఏంటో అర్థం కాలేదు. ఇంకా ప్రతి దాని మీదా 100 శాతం నేచురల్ అని రాసుంది, నమ్మొచ్చా? ఇద్దరూ కలిసి వాడుతున్నవాళ్ళు ఉంటే కాస్త చెప్పండి ప్లీజ్.

ఎడమపక్క నాది:

మీడియం తెచ్చుకుని ఇద్దరం కలిసి తిట్టుకున్న కేసు మాదండి, అందుకే రాస్తున్నా. నేను మా ఆవిడకంటే ఇంచుమించు 30 కేజీలు ఎక్కువ. ఒకే పరుపు మీద తనకి భుజం ఆనుకుని చెయ్యి తిమ్మిరెక్కేది, నాకు నడుము కిందకి జారిపోయేది. గట్టిదనం అనేది మీద పడే బరువుని బట్టి ఉంటుంది, మీ ఆయన మెత్తగా ఉందనే లేయరే మీకు బల్లలా తగలొచ్చు.

ఇంకో మాట, తప్పుగా అనుకోకండి, మీ ఇద్దరికీ నచ్చినవి తారుమారు అయ్యాయేమో అని నా డౌటు. పక్కకి తిరిగి పడుకునేవాళ్ళకి భుజం, తుంటి లోపలికి దిగాలి, లేకపోతే వెన్ను వంకర పోతుంది, అంటే కాస్త మెత్తది కావాల్సింది మీకు. బోర్లా పడుకునే మనిషికి, అందులోనూ బరువున్న మనిషికి, పొట్ట దగ్గర దిగిపోయి నడుము ఉయ్యాలలా వంగకూడదు, కాబట్టి గట్టిది ఆయనకి కావాలి. షాపులో మీరు బహుశా చెప్పులు విప్పి రెండు నిమిషాలు వెల్లకిలా పడుకుని లేచి ఉంటారు, అందరం అంతే చేస్తాం. ఈసారి ఇంట్లో ఎలా పడుకుంటారో అలాగే, ఇంట్లో వాడే దిండు పట్టుకెళ్ళి మరీ, 15 నిమిషాలు పడుకోండి. మీరు పక్కకి తిరిగి ఉన్నప్పుడు వెనక నుంచి మీ ఆయన్ని ఫోన్‌లో ఒక ఫోటో తియ్యమనండి. మెడ దగ్గర్నుంచి తోక ఎముక దాకా గీత తిన్నగా ఉందా, భుజం దగ్గర పైకి ఎత్తినట్టుందా తెలిసిపోద్ది. ఒంటరిగా కొనేవాడికి ఈ సౌకర్యం లేదు మరి.

మేం చివరికి జిప్ కవర్ ఉండే లేయర్ల పరుపు తీసుకున్నాం. అడుగున గట్టి లేయర్ ఇద్దరికీ కలిపి ఒకటే, పై లేయర్లు మాత్రం నిలువునా రెండు ముక్కలు, నా వైపు గట్టి, తన వైపు మెత్తన. మూడు వారాలయ్యాక ఇంకా గట్టిగా ఉందంది, జిప్ తీసి తన వైపు లేయర్లు కింద మీద మార్చాం, మొత్తం పరుపు వాపస్ పంపే పని తప్పింది. ఆ మార్చడానికి మాత్రం శనివారం సాయంత్రం మొత్తం పోయింది, లేటెక్స్ పిసరంత కూడా జారదు, బట్టకి అతుక్కున్నట్టు పట్టేస్తుంది, తోస్తే ముడుచుకుంటుంది. బరువు కూడా చూసుకోండి, 180 బై 200 సెంటీమీటర్లు, 20 సెంటీమీటర్ల మందం అంటే 0.72 ఘనపు మీటర్లు, డెన్సిటీ (ఒక ఘనపు మీటరు ఎన్ని కేజీలు ఉంటుందో అది) 80 అనుకుంటే గుణిస్తే 57 కేజీల పైనే, అంటే ఇంకో మీరు అనుకోండి 🙂 చిల్లుల వల్ల కాస్త తగ్గుద్దేమో అంతే. లేయర్లయితే ఒక్కొక్కటిగా మోసుకుపోవచ్చు.

రబ్బరు వాసన:

ఫోమ్ పరుపుల పనిలో ఆరేళ్ళు ఉన్నా, ఇప్పుడు మానేశా, కాబట్టి ఎవరి సరుకూ అమ్మిపెట్టక్కర్లేదు నాకు.

డన్‌లప్ అంటే పాత పద్ధతి, 1929లో మొదలైంది. రబ్బరు పాలని నురగ వచ్చేలా గిలక్కొట్టి అచ్చులో పోసి వేడి చేస్తారు. పోసిన నురగలో బరువైనది కొంచెం అడుక్కి దిగుతుంది, అందుకే అడుగు వైపు కాస్త గట్టిగా ఉంటుంది. టాలలేలో అచ్చు పూర్తిగా నింపరు, గాలి లాగేసి నురగ నిండా పొంగేలా చేసి, గడ్డకట్టించి, కార్బన్ డయాక్సైడ్ పంపి ఆ తర్వాత ఉడికిస్తారు. దాంతో పైనా కిందా ఒకేలా, తేలిగ్గా, కొంచెం మెత్తగా వస్తుంది. అడుగున డన్‌లప్ పైన టాలలే వేసుకునేవాళ్ళు కూడా ఉన్నారు. ఒకటి గొప్ప ఒకటి తక్కువ అని ఎవరన్నా చెప్తే వాళ్ళ దగ్గర ఏది స్టాకుందో చూడండి ముందు.

నేచురల్ సంగతి. అసలు 100 శాతం రబ్బరు పాలతో పరుపు అవ్వదండి, గట్టిపడటానికి గంధకం, ఇంకా కొన్ని కలపాల్సిందే, కాబట్టి నిఖార్సైన సరుకులో కూడా కొద్ది శాతం వేరేది ఉంటుంది, అది మోసం కాదు. చూసుకోవాల్సింది స్టైరీన్ బ్యూటాడయీన్ అనే పెట్రోలియం రబ్బరు కలిపారా లేదా అని, దాన్ని కలిపినా లేటెక్స్ అనే అంటారు. వేలితో నొక్కితే టక్కున పైకి లేచింది కాబట్టి నేచురల్ అనేది ఉత్త మాట, సింథటిక్ లేటెక్స్ కూడా అలాగే లేస్తుంది. ఆ టెస్టు మెమరీ ఫోమ్ కాదని తెలుసుకోవడానికి పనికొస్తుంది అంతే.

సర్టిఫికెట్లలో గోల్స్ అని ఉంటే అది ఆర్గానిక్ లేటెక్స్‌కి, ముడిసరుకు 95 శాతం పైన సర్టిఫై అయిన ఆర్గానిక్ ఉండాలి. ఓకో-టెక్స్ స్టాండర్డ్ 100 అంటే హానికరమైన రసాయనాలు పరిమితి లోపల ఉన్నాయని, సింథటిక్‌కి కూడా వస్తుంది, అది చూపించి నేచురల్ అంటే ఒప్పుకోకండి. సర్టిఫికెట్ మీద నంబర్ ఉంటుంది, అది ఇచ్చిన సంస్థ సైట్‌లో కొట్టి చూడండి, ఎవరి పేరు మీద ఉందో, గడువు ఉందో లేదో.

వీటన్నిటికంటే ముందు జిప్ తీయమనండి. పైన అంగుళం లేటెక్స్, కిందంతా మామూలు ఫోమ్ పెట్టి లేటెక్స్ పరుపు అని అమ్మేది బోలెడంత. జిప్ లేదు, కుట్టేసి ఉంది అంటే, లోపల ఏ లేయర్ ఎన్ని అంగుళాలు, దేనిది, డెన్సిటీ ఎంత అని బిల్లు మీద రాసిమ్మనండి. డన్‌లప్‌లో డెన్సిటీ పెరిగితే గట్టిదనం పెరుగుతుంది, సుమారు 65 మెత్తన, 75 మధ్యరకం, 85 గట్టి, 95 అంటే బాగా గట్టి. మామూలు ఫోమ్‌కి ఈ లెక్క పనిచెయ్యదు, అక్కడ డెన్సిటీ వేరు గట్టిదనం వేరు. పైన దళసరి క్విల్టింగ్ ఉంటే కూడా లేటెక్స్ మీకు తగలనే తగలదు, కవర్ పల్చగా సాగేలా ఉండాలి.

ఈసారి బిల్లు దాచాను:

అందరూ బాగుంది బాగుంది అంటున్నారు కాబట్టి బాగా లేనివాడి గోడు కూడా వినండి. మేం ఆన్‌లైన్‌లో తీసుకున్నాం, పేరు చెప్పను, 100 రాత్రుల ట్రయల్ అన్నారు. నాకు మొదటి వారమే భుజాలు నొప్పి, సరే అలవాటవుతుంది అని నెల చూశాం, నిజానికి కొత్త పరుపుకి ఒళ్ళు సర్దుకోడానికి మూడు నాలుగు వారాలు పడుతుంది కాబట్టి తొందరపడకండి. నెలయ్యాక కూడా అదే నొప్పి. వాపస్ అంటే అప్పుడు చెప్పారు, కవర్ మీద ఒక్క మరక ఉన్నా తీసుకోరట, మళ్ళీ మేమే చుట్టి ప్యాక్ చెయ్యాలట. 50 కేజీల పైన ఉన్న లేటెక్స్‌ని చుట్టడం ఇద్దరు మనుషుల వల్ల అయ్యే పనేనా? ఇద్దరం దాని మీద పడి కొట్టుకున్నాం, వదిలేస్తే స్ప్రింగులా విప్పుకునేది. కాబట్టి ట్రయల్ ఎన్ని రాత్రులు అనేది కాదు, ఎవరు వచ్చి తీసుకెళ్తారు, ఏ కండిషన్ మీద అనేది రాతపూర్వకంగా తీసుకోండి. మొదటి రోజే ప్రొటెక్టర్ వెయ్యండి. వారంటీలో గుంత ఎంత లోతు పడితే లెక్కలోకి వస్తుందో కూడా చూడండి, మాది మూడు సెంటీమీటర్లు దాటాలట, అంత పడేదాకా దాని మీద పడుకోవాల్సింది మేమే కదా.

రెండో తప్పు మాదే. గాలి ఆడని చెక్క బల్ల మీద నేరుగా వేసేశాం, కొన్నాళ్ళకి ఎత్తి చూస్తే అడుగున నల్ల చుక్కలు, బూజు. చెక్క పట్టీలుండే మంచం కావాలి, పట్టీల మధ్య సందు 7-8 సెంటీమీటర్లు దాటకూడదు, దాటితే లేటెక్స్ ఆ సందుల్లోకి దిగుతుంది.

మూడోది కూడా చెప్పేస్తా. లేటెక్స్ దిండు ఒకటి కాస్త చెమ్మగా ఉందని దూది దిండులాగా ఎండలో పడేశా. నాలుగైదు సార్లు అలా చేశాక ఎండ తగిలిన వైపు పసుపుపచ్చగా అయ్యి పైన పెంకు కట్టింది, గోరుతో గీరితే పొడి రాలుతోంది. రబ్బరుకి ఎండ పడదు, నూనె అసలే పడదు. నీడలో గాలికి ఆరబెట్టాలి అంతే.

అర్ధరాత్రి మెలకువ:

అబ్బా ఇంత రాస్తారనుకోలేదు, చాలా థాంక్స్ అందరికీ. @ఎడమపక్క నాది గారూ, రెండు ముక్కల మధ్య సందు తగలదా? నాకదే భయం. ఇంకోటి, మా ఆయనకి రబ్బరు గ్లవ్స్ వేసుకుంటే చేతులు దురద పెడతాయి, అది చెప్పడం మర్చిపోయా.

ఎడమపక్క నాది:

ఎవరి వైపు వాళ్ళు పడుకుంటే తగలదు, సరిగ్గా మధ్యలో పడుకుంటే సన్న గాడిలా తెలుస్తుంది. మేం పైన రెండంగుళాల పల్చటి లేయర్ ఒకటి అడ్డంగా మొత్తానికి వేశాం, ఇప్పుడు వెతికినా దొరకదు. కాకపోతే అలా వేస్తే అటు తిరుగుడు ఇటు కొంచెం తెలుస్తుంది, లేటెక్స్‌కి సహజంగా కాస్త ఊపు ఉంటుంది, మెమరీ ఫోమ్ అంత నిశ్శబ్దంగా ఉండదు. మీ పాత స్ప్రింగ్ పడవతో పోలిస్తే ఏం లేదనుకోండి.

రబ్బరు వాసన:

గ్లవ్స్ దురద సంగతి తేలేదాకా ఆర్డర్ పెట్టకండి. రబ్బరు పాలలో ఉండే ప్రొటీన్ వల్ల కొందరికి నిజమైన అలర్జీ ఉంటుంది, కొందరికి గ్లవ్స్‌లో కలిపే రసాయనాల వల్ల ఒట్టి చర్మం దురద. పరుపు తయారీలో బాగా కడుగుతారు, పైన కవరు కూడా ఉంటుంది, చాలామందికి ఏం కాదు, కానీ నిజమైన అలర్జీ అయితే ఆ మాట పట్టుకుని ధైర్యం చెయ్యకూడదు. డాక్టర్‌కి చూపిస్తే టెస్టులో తేలిపోద్ది. కొత్తలో వచ్చే రబ్బరు వాసన వేరే, కిటికీలు తీసి పెడితే కొన్ని రోజుల్లో పోతుంది.

నడుం పట్టేసింది:

చిన్న మాట. గట్టి పరుపే నడుముకి మంచిది అనేదాని మీద 2003లో లాన్సెట్ పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది, స్పెయిన్‌లో చాలాకాలంగా నడుం నొప్పి ఉన్న 313 మందిని తీసుకుని కొందరికి గట్టి పరుపు, కొందరికి మధ్యస్థంగా గట్టిగా ఉన్నది ఇచ్చి 90 రోజులు చూశారు, మధ్యస్థంగా ఉన్నదాని మీద పడుకున్నవాళ్ళే మెరుగ్గా ఉన్నారు. బల్లలాంటి పరుపు మంచిదనే మాట మీద నాకు అప్పుడే నమ్మకం పోయింది.

అర్ధరాత్రి మెలకువ:

అప్‌డేట్ ఇద్దామని వచ్చా. ముందు డాక్టర్ దగ్గరికెళ్ళాం, టెస్టులో ప్రొటీన్ అలర్జీ కాదని వచ్చింది, గ్లవ్స్‌లో కెమికల్ వల్లేనట, కవర్ ఉన్న పరుపు వాడుకోవచ్చు అన్నారు. తర్వాత దిండ్లు చంకలో పెట్టుకుని షాపుకి వెళ్ళాం, సేల్స్ అబ్బాయి మమ్మల్ని చూసి నవ్వాడు, నవ్వనీ. నాకు నచ్చిన గట్టిదాని మీద నా ఫోటో చూస్తే వెన్ను విల్లులా ఉంది, భుజం దగ్గర దిండుకీ మెడకీ మధ్య చెయ్యి పట్టేంత ఖాళీ. 65 మీద తిన్నగా వచ్చింది. ఆయన 65 మీద బోర్లా పడుకుంటే నడుము దగ్గర అంత లోతు గుంత, 85 మీద సరిపోయింది, కానీ ఆయన ఒప్పుకోలేదు, మెత్తగా లేదని గొణిగి, సరే ఇంకాసేపు చూస్తానని పడుకుని పది నిమిషాల్లో గురక మొదలుపెట్టారు. అబ్బాయి లేపాలా వద్దా అన్నట్టు నా వంక చూశాడు, నేనే ఉండనీ బాబూ అన్నా.

అడుగు లేయర్ 85 కలిపి, పైన నాది 65 ఆయనది 85, అన్నిటి మీదా పల్చటి టాపర్, ఇలా రాయించుకున్నాం, డెన్సిటీలు బిల్లు మీద వేయించా, జిప్ కూడా తీయించి చూశా. వాపస్ అయితే వాళ్ళే వచ్చి తీసుకెళ్తామని రాసిచ్చారు. మంచం పట్టీల సందు కొలిస్తే పది సెంటీమీటర్లు ఉంది, మధ్య మధ్యలో పట్టీలు కొట్టించాలి, వడ్రంగి ఎల్లుండి వస్తానన్నాడు.