తుంటి ఎముక విరిగి శస్త్రచికిత్సకు ఎదురుచూసేవారికి మార్ఫిన్ ఇవ్వడం తప్పా?

కృష్ణాతీరం:
మా అమ్మగారికి 78 ఏళ్లు. స్నానాల గదిలో జారిపడి తుంటి ఎముక విరిగింది. గుండె జబ్బుకు రక్తం గడ్డకట్టకుండా చేసే క్లోపిడోగ్రెల్ వాడుతున్నందున, దాని ప్రభావం తగ్గేదాకా అయిదు రోజులు ఆగాలన్నారు. ఆ అయిదు రోజులూ కాలికి బరువు వేలాడదీసి, నరంలోకి పారాసిటమాల్ ఎక్కించడం తప్ప నొప్పికి మరో మందు ఇవ్వలేదు. బెడ్‌పాన్ పెట్టడానికి పక్కకు ఒరిగించిన ప్రతిసారీ ఆమె కేక వార్డంతా వినిపించేది. మార్ఫిన్ అడిగితే, ఈ వయసులో ఊపిరి ఆగిపోతుందనీ, లేదంటే అలవాటు పడిపోతారనీ చెప్పారు. మూడో రాత్రికి ఆమె నన్నే గుర్తుపట్టలేదు. వారు చేసింది జాగ్రత్తా, లేక ఆ మందు పేరు వింటేనే కలిగే భయమా?

మందుల కొట్టు:
మీ బాధ అర్థమైంది కానీ, ఆ భయం ఊరికే పుట్టలేదండి. మోకాలి చిప్ప మార్పిడికి డబ్బు కూడేదాకా అంటూ ఏడాది పాటు రోజూ మార్ఫిన్ కోవకే చెందిన ట్రమడాల్ నొప్పి మాత్రలు మింగినవారిని నేను చూశాను. పాత చీటీ పట్టుకుని వచ్చి, ఇవ్వనంటే కౌంటర్ మీద చెయ్యి చరిచినవారూ ఉన్నారు. 2018లో ట్రమడాల్‌ను మాదకద్రవ్యాల చట్టం కిందికి తెచ్చింది ఇలాంటి దుర్వినియోగం వల్లనే కదా. పైగా డిప్రెషన్ మాత్రలు వాడేవారు దానిని కలిపి వేసుకుంటే ఫిట్స్ వచ్చే ప్రమాదం పెరుగుతుంది. శస్త్రచికిత్సకు ముందే ఈ మందులకు అలవాటు పడిన శరీరానికి, ఆ తర్వాత మామూలు మోతాదు చాలదు.

మత్తు డాక్టరు:
మందుల కొట్టు గారు చెప్పింది నిజమే, అయితే అది వేరే రోగి సంగతి. నెలల తరబడి మోకాలి అరుగుదలతో ఎదురుచూసేవారికి మార్ఫిన్, ట్రమడాల్ వంటి ఓపియాయిడ్ మందులు పనికిరావని నేనూ అంటాను. బ్రిటన్‌లోని నైస్ సంస్థ 2022 మార్గదర్శకాలు కూడా కీళ్ల అరుగుదలకు బలమైన ఓపియాయిడ్లు ఇవ్వవద్దనే చెబుతున్నాయి. విరిగిన తుంటి ఎముకతో నాలుగైదు రోజులు పడుకున్న వృద్ధురాలిని అదే తక్కెడలో తూచడమే పొరపాటు. ఆ కొద్ది రోజుల్లో అలవాటు పడతారన్న వాదనకు బలం లేదు, పైగా తగ్గించని నొప్పి కూడా వృద్ధులలో మతి తప్పడానికి ఒక ముఖ్య కారణం. మీ అమ్మగారి విషయంలో జరిగింది అదే అయి ఉండవచ్చు.

ఊపిరి గురించిన భయం మాత్రం కొట్టిపారేయదగినది కాదు. కిడ్నీలు సరిగా లేనివారిలో మార్ఫిన్ అవశేషాలు పేరుకుంటాయి కాబట్టి ముందు కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష చూసి, నరంలోకి ఒకటి రెండు మిల్లీగ్రాముల చొప్పున ఆగి ఆగి ఇస్తూ, ఊపిరి వేగాన్ని లెక్కపెడుతూ, మార్ఫిన్ ప్రభావానికి విరుగుడైన నలోక్సోన్ అందుబాటులో ఉంచుకోవాలి. అదే కోవకు చెందిన పెథిడిన్ మాత్రం వృద్ధులకు ఇవ్వకపోవడమే మంచిది. వీటన్నిటికంటే మేలైనది గజ్జ దగ్గర ఫాసియా ఇలియాకా బ్లాక్, అంటే తుంటి నరాలను మొద్దుబార్చే ఇంజెక్షన్, ఇవ్వడం. ఒక్క ఇంజెక్షన్ చాలా గంటలపాటు నొప్పిని అణచి, మార్ఫిన్ అవసరాన్ని బాగా తగ్గిస్తుంది. కాలికి బరువు కట్టడం వల్ల నొప్పి తగ్గుతుందనడానికి ఆధారం దొరకలేదు, అయినా మన వార్డుల్లో ఆ ఇటుకలు ఇంకా వేలాడుతూనే ఉన్నాయి. అసలు క్లోపిడోగ్రెల్ కోసమే శస్త్రచికిత్సను వాయిదా వేయాల్సిన పనిలేదని నేటి మార్గదర్శకాలు చెబుతున్నాయి.

కృష్ణాతీరం:
మార్ఫిన్ తమ దగ్గర ఉండదనీ, లైసెన్సుల తలనొప్పి ఎక్కువనీ కూడా అన్నారు. అది నిజమేనా?

మత్తు డాక్టరు:
ఒకప్పుడు నిజమే. మాదకద్రవ్యాల చట్టానికి 2014లో చేసిన సవరణ తర్వాత మార్ఫిన్, ఫెంటానిల్ వంటి ఆరు మందులకు పలు లైసెన్సుల బెడద తప్పింది. రాష్ట్ర ఔషధ నియంత్రణాధికారి గుర్తింపు ఒక్కటి చాలు. మిగిలింది రిజిస్టరు రాసే ఓపిక.

మందుల కొట్టు:
ఒప్పుకుంటాను. అయితే ఇరవై మంచాలకు రాత్రి ఒకే నర్సు ఉన్నచోట ఆ ఊపిరిని లెక్కపెట్టేదెవరు?

మత్తు డాక్టరు:
అలాంటిచోట నేను మార్ఫిన్ రాయను. సాయంత్రం ఇంటికి వెళ్లేముందు బ్లాక్ ఇచ్చి వెళతాను.