జుయియో మారు వలలో పడింది సొరేనా? నాలుగు పోగులతో పేరు పెట్టేయొచ్చా?

కళింగతీరం:
మా ఇంట్లో నిన్న రాత్రి మొదలైన వాదన తెగలేదు. అందుకే ఇక్కడ పెడుతున్నాను.

1977 ఏప్రిల్ 25న న్యూజీలాండ్‌లో క్రైస్ట్‌చర్చ్‌కి తూర్పున వేటాడుతున్న జపాన్ ట్రాలర్ జుయియో మారు వలలో, సుమారు 300 మీటర్ల లోతు నుంచి ఒక కుళ్ళిన కళేబరం పైకొచ్చింది. పొడవు దాదాపు 10 మీటర్లు, బరువు 1,800 కిలోల దాకా. చిన్న తల, పొడుగు మెడ, తెడ్లలాంటి నాలుగు వాజాలు, తోక. పట్టిన చేపలు పాడైపోతాయని కెప్టెన్ దాన్ని మళ్ళీ నీళ్ళలో పడేయించాడు. ఈలోగా ఓడలో ఉన్న మిచిహికో యానో అనే ఉద్యోగి కొన్ని ఫొటోలు తీశాడు, కొలతలు రాసుకున్నాడు, ముందు వాజం కొస నుంచి నలభై చిల్లర పోగులు కోసి దాచాడు. ఇవాళ ఉన్న సాక్ష్యమంతా అంతే.

ఫొటోలు బయటికొచ్చాక జపాన్ ఊగిపోయింది. డైనోసార్ల కాలంనాటి పొడుగు మెడ సముద్ర సరీసృపం, ప్లీసియోసార్, బతికే ఉందన్నారు. ఆ ఏడాదే విడుదలైన ఒక తపాలా బిళ్ళ మీద ప్లీసియోసార్ బొమ్మ కూడా ఉంది. తర్వాత శాస్త్రవేత్తలు బాస్కింగ్ షార్క్ అనే పెద్ద సొర అని తేల్చారు.

నేను ప్లీసియోసార్ అనడం లేదు. 6.6 కోట్ల ఏళ్ళ కిందట అంతరించిన జంతువు నలభై పోగుల మీద తిరిగి రాదు. నేననేది వేరు: దవడ లేదు, పన్ను లేదు, ఒక్క వెన్నుపూస లేదు, డీఎన్‌ఏ లేదు. అలాంటప్పుడు 'గుర్తు తెలియనిది' అని రాయాలి. పుస్తకాల్లో షార్క్ అని ఖాయంగా రాసేయడం నాకు నచ్చలేదు. మీరేమంటారు?

మొప్పల మాస్టారు:
డీఎన్‌ఏ లేదన్నమాట నిజమే. కొద్దిపాటి డీఎన్‌ఏని లెక్కలేనన్ని నకళ్ళు చేసే పీసీఆర్ పద్ధతి వచ్చిందే 1983లో, కాబట్టి 1977లో ఆ దారి ఎవరికీ లేదు. కానీ డీఎన్‌ఏ లేకపోతే గుర్తింపే లేదంటే ఒప్పుకోను. అలా అయితే అంతకు ముందు రెండు వందల ఏళ్ళ జంతుశాస్త్రాన్ని పక్కన పెట్టేయాలి.

ఆ పోగుల్ని ప్రయోగశాలలో పరీక్షించి 1978లో ఫలితాలు ప్రచురించారు. వాటిలోని అమైనో ఆమ్లాల పాళ్ళను బాస్కింగ్ షార్క్ వాజం పోగులతో పోలిస్తే దాదాపు ఒకటిగా వచ్చాయి. ఆ పదార్థం పేరు ఎలాస్టాయిడిన్. సొరల్లో, టేకు చేపల్లో, వాటి దగ్గరి చుట్టాల్లో వాజం అంచుని నిలబెట్టేది అదే. ప్లీసియోసార్ తెడ్డులో ఉండేవి వేలి ఎముకలు. అక్కడ కొమ్ములాంటి పోగుల వరస ఉండదు.

ఇక ఆ 'మెడ' సంగతి. బాస్కింగ్ షార్క్ నోరు బార్లా తెరిచి ఈదుతూ నీళ్ళలోని సూక్ష్మజీవుల్ని వడకట్టుకు తినే చేప. తలభాగమంతా దవడలూ, పెద్ద పెద్ద మొప్పల కమానులూను. అవి పుర్రెకి గట్టిగా అతుక్కుని ఉండవు, వేలాడుతుంటాయి. చచ్చాక ముందు ఊడేవి అవే. మిగిలేది పిడికెడు పుర్రె పెట్టె, దాని వెనక వెన్ను. చూసేవాడికి అది చిన్న తల, పొడుగు మెడ. తోకలోనూ అంతే: వెన్ను పై తమ్మెలోకి సాగుతుంది, కింది తమ్మెలో గట్టి ఆధారం లేదు. అది రాలిపోతే సన్నని తోక మిగులుతుంది. బతికున్న బాస్కింగ్ షార్క్‌కి ప్లీసియోసార్ పోలిక ఒక్కటీ ఉండదు. ఆ పోలిక పూర్తిగా కుళ్ళు తెచ్చిపెట్టిందే.

అలివివల:
నాకు పెద్ద సదువు లేదు గానీ సొర కుళ్ళడం తెలుసు. మాది భావనపాడు దగ్గర. మాస్టారు సెప్పినది మా తాత నోట ఇన్నదే. పెద్ద సొర సచ్చి ఒడ్డుకొస్తే ముందు కింద దవడ ఏలాడిపోద్ది. పీతలు, కుక్కలు అక్కడే మొదలెడతాయి. తోలు ఊడిపోనాక లోపలి కండ పీచులు పీచులుగా నిలబడి, దూరం నుంచి సూసినోడికి బొచ్చున్న జంతువులా కనిపిస్తాది. కొత్తోళ్ళు అడలిపోతారు. మావోళ్ళు ఎన్ను సూస్తారు. సొర ఎన్ను కత్తికి తెగుద్ది, తిమింగలం ఎన్ను తెగదు.

కానీ మాస్టారూ, ఒకటి అడగాల. ఆ ఓడలోవోళ్ళకి అమ్మోనియా వాసన తగల్లేదని ఎక్కడో సదివాను. సొర పాతబడితే కళ్ళు మండిపోతాయండీ. మా ఆడోళ్ళు అందుకే మళ్ళీ మళ్ళీ కడుగుతారు. ఆ వాసన లేదంటే అది సొరేనా అని నాకూ అనుమానమే.

మొప్పల మాస్టారు:
అలివివల గారూ, ఈ విషయంలో నేను విన్న అభ్యంతరాల్లో బరువైనది ఇదే. సొరలు ఒంట్లో యూరియా నిలవ చేసుకుంటాయి. ఒడ్డున ఎండలో కుళ్ళినప్పుడు అదే అమ్మోనియాగా మారి మీకు కళ్ళు మండిస్తుంది. కానీ యూరియా నీళ్ళలో ఇట్టే కరిగిపోతుంది. మీ ఇంట్లో ఆడవాళ్ళు కడిగి పోగొట్టేది దాన్నే కదా. చర్మం ఊడి, కండ విచ్చిపోయిన కళేబరాన్ని సముద్రం వారాల తరబడి కడిగితే ఆ వాసన పోవడంలో వింత లేదు.

పిట్టగూడు_టెక్సాస్:
నేను హ్యూస్టన్ దగ్గర ఉంటాను. 2017లో హార్వీ తుఫాను తర్వాత టెక్సస్ సిటీ ఒడ్డున కళ్ళు లేని, కోరలున్న పాములాంటిది పడి ఉంటే ఒకరు ఫొటో పెట్టి 'ఇదేంటి?' అని అడిగారు. ఒక చేపల నిపుణుడు ఆ ఫొటోలే చూసి కోరల పాము-ఈల్ అని చెప్పేశాడు. 2008లో న్యూయార్క్ దగ్గర మాంటాక్ ఒడ్డున ముక్కు ఊడిన, బొచ్చు రాలిన మృగం వస్తే దేశమంతా గోల. పుర్రె తీరు, పళ్ళు, కాలి వేళ్ళు చూసి రకూన్ అన్నారు. ముక్క కోసి పరీక్షించాల్సిన పని రెండుచోట్లా పడలేదు. పన్నూ ఎముకా కనపడితే ఫొటో చాలు. అవి లేని ముద్ద దగ్గరే అసలు తగువు.

సందేహి:
ముద్ద చేతిలో ఉన్నా తగువు తీరదు అక్కా. మాస్టారు అమైనో ఆమ్లాల లెక్కని అంత నమ్ముతున్నారు కాబట్టి ఈ కథ చెప్పాలి.

1896 నవంబరు 30న ఫ్లోరిడాలో సెయింట్ అగస్టీన్ దగ్గర అనస్తాసియా దీవి ఒడ్డున పెద్ద తెల్లని ముద్ద కనిపించింది. డెవిట్ వెబ్ అనే వైద్యుడు ఫొటోలు తీయించి, ఉత్తరాలు రాశాడు. యేల్ ప్రొఫెసర్ ఆడిసన్ వెరిల్ దాన్ని చూడకుండానే 'ఆక్టోపస్ జైగాంటియస్' అని నామకరణం చేశాడు. కొన్ని వారాలకే ముక్క చేతికందింది. చూసి, తిమింగలమని మాట వెనక్కి తీసుకున్నాడు. 1971లో సూక్ష్మదర్శినిలో చూసినవారు మళ్ళీ ఆక్టోపస్ అన్నారు. 1986లో అమైనో ఆమ్లాలు లెక్కపెట్టినవారూ ఆక్టోపస్‌నే సమర్థించారు. 1995లో సిడ్నీ పియర్స్ బృందం ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో చూసి తిమింగలం చర్మమంది. అదే బృందం అదే వ్యాసంలో, బెర్ముడా ఒడ్డుకొచ్చిన ఇంకో ముద్దని చల్లని రక్తపు జంతువు, అంటే చేపో సొరో, అంది. 2004లో అదే బృందం ఆ బెర్ముడా ముద్దని కూడా తిమింగలమేనంది.

ఒకే ముక్క మీద వందేళ్ళలో ఇన్ని మాటలు మారాయి. 1986 నాటి అమైనో లెక్క తప్పినప్పుడు 1978 నాటి లెక్క మాత్రం ఎందుకు ఒప్పు? ఈ ప్రశ్నకి జవాబు చెప్పకుండా ముందుకి పోకండి.

మొప్పల మాస్టారు:
చెప్తాను. కాస్త పొడుగవుతుంది.

సెయింట్ అగస్టీన్ ముక్కలో ఉన్నది కొలాజెన్. చేప, ఆక్టోపస్, తిమింగలం, మనిషి అందరి చర్మాల్లోనూ ఉండే పీచు అది. దాని అమైనో పాళ్ళు జంతువు జంతువుకీ పెద్దగా మారవు. ఆ లెక్కతో 'ఇది కొలాజెన్' అని చెప్పొచ్చు. 'ఫలానావారి కొలాజెన్' అనడం ఆ లెక్కకి మించిన పని. 1986లో జరిగిన పొరపాటు అదే.

2003 జూలైలో చిలీలోని లాస్ మ్యూర్మోస్ ఒడ్డున 12 మీటర్ల ముద్ద పడింది, బరువు 13 టన్నులు. మొదట దాన్నీ రాక్షస ఆక్టోపస్ అన్నారు. పియర్స్ బృందం చూస్తే అమైనో ఆమ్లాల్లో గ్లైసీన్ దాదాపు మూడో వంతు. దాంతో కొలాజెన్ అని తేలిందే తప్ప పేరు తేలలేదు. పేరు చెప్పింది డీఎన్‌ఏ: ఒక మైటోకాండ్రియా జన్యువులోని ముక్క స్పెర్మ్ తిమింగలం జన్యువుతో నూటికి నూరు కలిసింది. స్పెర్మ్ తిమింగలం చచ్చి తేలుతుంటే బరువైన ఎముకలు జారి అడుక్కి పోతాయి. కొవ్వు పొరలోని పీచు వల మాత్రం సంచిలా తేలుతూ ఒడ్డుకొస్తుంది. ఎముక ఉండదు, కన్ను ఉండదు. అందుకే చూసినవాళ్ళకి ఆక్టోపస్ గుర్తొచ్చింది.

జుయియో మారు పోగు అలాంటి ఎక్కడైనా దొరికే పీచు కాదు. ఎలాస్టాయిడిన్ కూడా కొలాజెన్ కుటుంబానిదే, నిజం. కానీ దాని పాళ్ళు మామూలు కొలాజెన్‌లా ఉండవు, అది ఉండే చోటు కూడా ఒక్కటే, వాజం. యానో కోసింది వాజం కొస నుంచే. పదార్థం, ఆకారం, దొరికిన చోటు మూడూ ఒకే వైపు చూపిస్తున్నాయి. అక్కడ 1986లో ఉన్నది ఒక్క లెక్క.

కళింగతీరం:
మాస్టారూ, సందేహి గారి ప్రశ్నకి ఇది జవాబే. అయినా నేను పూర్తిగా ఒప్పుకోలేను. ఎలాస్టాయిడిన్ 'సొర జాతి' అని చెబుతుంది. 'బాస్కింగ్' అన్నమాట మీరు పోలిక కోసం తెచ్చుకున్న చేప వల్ల వచ్చింది. ఇంకో సొరతో పోల్చి ఉంటే?

కొలతల మీద కూడా నాకు నమ్మకం తక్కువ. 1808లో స్కాట్లండ్ పైనున్న ఆర్క్నీ దీవుల్లో స్ట్రాన్సే ఒడ్డున పడ్డ మృగాన్ని చూసినవాళ్ళు కొలిచి 55 అడుగులన్నారు, ప్రమాణం చేసి సాక్ష్యమిచ్చారు. ఆరు కాళ్ళున్నాయన్నారు. ఎడిన్‌బరోలో దానికి కొత్త జంతువుగా పేరు కూడా పెట్టేశారు. లండన్‌లో ఎవరార్డ్ హోమ్ వెన్నుపూసలు చూసి బాస్కింగ్ షార్క్ అన్నాడు. ఆరు కాళ్ళకి సమాధానం ఉంది: రెండు జతల వాజాలు, మగ సొరకి వెనక ఉండే రెండు జతకట్టే అవయవాలు. కానీ బాస్కింగ్ షార్క్ 40 అడుగులు దాటడం అరుదైతే 55 ఎక్కడి నుంచి వచ్చింది? ఆ మనుషులు అబద్ధమాడారని నేననుకోను. కంగారులో కొలిచారు. యానో కూడా ఓడ కదులుతుండగా, కెప్టెన్ తొందరపెడుతుండగా కొలిచాడు.

కాబట్టి నా మాట కొంచెం మార్చుకుంటున్నాను. 'సొర జాతి చేప, చాలామటుకు బాస్కింగ్ షార్క్' అని రాస్తే నాకు అభ్యంతరం లేదు. 'బాస్కింగ్ షార్క్, ఇక చర్చ లేదు' అంటే ఉంది.

మొప్పల మాస్టారు:
నేను అంతకంటే ఒక మెట్టు ముందే ఉంటాను. 10 మీటర్లకి ఎదిగే సొరలు వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని. వాటిలో అక్కడి చల్లని నీళ్ళకి అలవాటైనది, దవడ ఊడాక అంత చిన్న తల మిగిలేది బాస్కింగ్ షార్కే. వేల్ షార్క్ వెచ్చని నీళ్ళ చేప. మన బంగాళాఖాతంలో అయితే లెక్క తిరగబడుతుంది. ఇక్కడ అలాంటి కళేబరం వస్తే నేను ముందు వేల్ షార్క్‌నే అనుమానిస్తాను.

అలివివల:
మన బంగాళాఖాతం మాటొచ్చింది కాబట్టి. 2023 జూలైలో మా సంతబొమ్మాళి మండలం మేఘవరం ఒడ్డుకి 25 అడుగుల తిమింగలం కొట్టుకొచ్చింది. పేపరోళ్ళు నీలి తిమింగలం అన్నారు. ఊళ్ళకి ఊళ్ళు వచ్చి దాని పక్కన నిలబడి ఫొటోలు దిగినారు. మనిషి మొహాలు బాగా పడ్డాయి, దాని తల సరిగ్గా పడనే లేదు నేను సూసినవాటిలో. మాస్టారూ, అది నీలిదే అని ఫొటోలో ఎలా తెలుస్తాది?

మొప్పల మాస్టారు:
నీలిదే అయితే, 25 అడుగులంటే అది పసిబిడ్డ. నీలి తిమింగలం పుట్టినప్పుడే 23 అడుగుల దాకా ఉంటుంది. అదే పొడవులో బ్రైడ్స్ అనే ఇంకో జాతి తిమింగలమూ ఉండొచ్చు. పైనుంచి తల మీద ఒక్క ఫొటో ఉంటే చాలు: బ్రైడ్స్‌కి మూతి మీద మూడు నిలువు గట్లు, నీలి దానికి మధ్యలో ఒక్కటే. మేఘవరం దాని గురించి నేను ఏదీ తేల్చి చెప్పను, మీరన్న ఆ ఫొటో నా దగ్గర లేదు కాబట్టి.

సందేహి:
అయితే ముక్క కోసి ఉప్పులోనో సారాలోనో వేసి దాచమని చెప్పొచ్చు కదా వీళ్ళకి? ఉత్త ఫొటో కంటే అది నయం.

పిట్టగూడు_టెక్సాస్:
అలా చెప్పకండి, దయచేసి. తిమింగలాలు, వేల్ షార్క్ మన వన్యప్రాణి రక్షణ చట్టంలో షెడ్యూల్ 1 కింద ఉన్నాయి. చచ్చినదైనా సరే, ముక్క ఇంట్లో పెట్టుకున్న కుర్రాడు కేసులో ఇరుక్కుంటాడు. పైగా కుళ్ళిన కళేబరం లోపల వాయువు నిండి ఉంటుంది. 2004లో తైవాన్‌లో ట్రక్కు మీద తీసుకెళ్తున్న స్పెర్మ్ తిమింగలం నడివీధిలో పేలింది. కోయాల్సింది అటవీశాఖ వాళ్ళ ముందు, తెలిసినవాళ్ళు.

కళింగతీరం:
ఇది సబబు. కానీ వాళ్ళొచ్చేసరికి ఒక పోటు వచ్చి పోతే? అప్పటిదాకా మనుషులు చేయగలిగింది ఏదో ఉండాలి.

అలివివల:
ఉంది. మా తెడ్డు ఎంత పొడుగో నాకు తెలుసు. ఈసారి ఏది కొట్టుకొచ్చినా తెడ్డు పక్కన పెట్టి ఫొటో తీయమని కుర్రోళ్ళకి సెప్తాను. తల మీద నుంచి ఒకటి, మూతి దగ్గర ఒకటి, తోక ఒకటి, ఎన్ను కనపడితే అదొకటి. ముట్టుకోకుండానే. తీసినవి ఇక్కడే పెడతాను మాస్టారూ, మీరు సూసి సెప్పాల.