కొత్త ప్యాడ్లు వేశాక ముందు బ్రేకులు కీచుమంటున్నాయి

ప్రశ్న:
స్విఫ్ట్ పెట్రోల్, 42,000 కి.మీ. ముందు రెండు చక్రాలకూ కొత్త ప్యాడ్లు వేయించాక 300 కి.మీ. తిరిగింది. డిస్కులు పాతవే. సిగ్నల్ దగ్గర 20, 30 స్పీడులో బ్రేకు మెల్లగా నొక్కితే కీచుమంటుంది, గట్టిగా నొక్కితే ఆ చప్పుడు ఆగిపోతుంది. షెడ్డులో అడిగితే "అదే సర్దుకుంటుంది" అన్నారు. ఆగమంటారా, డిస్కులు కూడా మార్పించాలా?

1వ జవాబు:
ఇప్పుడే డిస్కులు కొనకండి. మెల్లగా నొక్కినప్పుడే అరుస్తోందంటే ప్యాడ్ తన గూట్లో సన్నగా వణుకుతోందని. గట్టిగా నొక్కితే ఆ వణుకుకు చోటుండదు. ముందు బిగింపు చూడండి.

జాకీ ఒక్కటే నమ్ముకోకుండా స్టాండ్ కూడా పెట్టి చక్రం విప్పండి. క్యాలిపర్ (ప్యాడ్లను డిస్కుకు అదిమే భాగం) విప్పాక బ్రేకాయిల్ హోస్ మీద వేలాడదీయొద్దు, తీగతో స్ప్రింగుకు కట్టండి. ప్యాడ్ చెవులు (రెండు చివర్ల పొడుచుకొచ్చిన భాగాలు) కూర్చునే చోట స్టీలు క్లిప్పులు ఉన్నాయా? చాలా చోట్ల పాతవి వంగిపోయినా అవే వేస్తారు, లేదా తీసి పారేస్తారు. ప్యాడ్ వెనక షిమ్ రేకు (వణుకును తగ్గించే పలచటి రేకు) ఉందో లేదో కూడా చూడండి. క్లిప్పుల కింద తుప్పును వైరు బ్రష్‌తో గోకి, ప్యాడ్ చెవులకూ, షిమ్‌కీ ప్యాడ్ వీపుకీ మధ్యనా బ్రేకు గ్రీజు పలచగా రాయండి. డిస్కు మీద గానీ, ప్యాడ్ ముఖం మీద గానీ చుక్క కూడా పడకూడదు. క్యాలిపర్ జారే పిన్నులకు సిలికాన్ గ్రీజే వాడాలి, మామూలు బేరింగ్ గ్రీజు పూస్తే రబ్బరు తొడుగులు ఉబ్బి పిన్ను పట్టేస్తుంది.

2వ జవాబు:
పైవన్నీ సరిగ్గా ఉంటే, ప్యాడ్లు డిస్కుతో ఇంకా జత కుదరలేదని అర్థం. పాత డిస్కు అద్దంలా మెరుస్తుంటే 120 నంబరు ఎమరీ పేపరుతో అడ్డదిడ్డంగా గీతలు పడేలా రుద్ది, బ్రేక్ క్లీనర్‌తో తుడవండి. ప్యాడ్ ముఖం కూడా మెరుస్తుంటే పలచగా రుద్దండి. ఆ దుమ్మును గాలి కొట్టి లేపొద్దు, పీల్చకూడదు.

తర్వాత ఖాళీ రోడ్డు మీద, వెనక బండ్లు లేనప్పుడు, 60 నుంచి 10 దాకా ఓ మోస్తరు ఒత్తిడితో ఎనిమిది, పది సార్లు తగ్గించండి. పూర్తిగా ఆపొద్దు, మధ్యలో అర నిమిషం బ్రేకు వదిలి నడుపుతూ గాలికి చల్లారనివ్వండి. చివర్లో ఐదారు కిలోమీటర్లు బ్రేకు వాడకుండా నడిపి చల్లార్చండి. వేడి డిస్కు మీద ప్యాడ్ నొక్కిపట్టి నిలబెడితే ఆ చోట మచ్చ పడి, పెడల్ కొట్టుకుంటుంది.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండీ. ఇంకొకటి గమనించాను, ఎడమ చక్రం బ్రేకు నొక్కకపోయినా సన్నగా రాసుకుంటోంది.

3వ జవాబు:
అది వేరే సంగతి, దీన్ని మాత్రం వాయిదా వేయకండి. చక్రం లేపి చేత్తో తిప్పండి. తిరుగుడులో ఒకే చోట రాసుకుంటే డిస్కు వెనక రేకు వంగి తగులుతోందేమో, లేదా డిస్కే వంకరేమో. అంతటా పట్టినట్టుంటే పిన్ను గానీ, ప్యాడ్‌ను తోసే పిస్టన్ గానీ వెనక్కి రావట్లేదు. బ్రేకు పెద్దగా వాడకుండా 10 కి.మీ. నడిపి రెండు చక్రాల దగ్గరా చెయ్యి పెట్టి వేడి పోల్చండి. డిస్కును తాకొద్దు. ఎడమది బాగా వేడెక్కితే పట్టేసినట్టే.

ప్యాడ్ అరుగుదల చెప్పే చిన్న రేకు వంగి డిస్కుకు తగులుతోందేమో, లోపలి ప్యాడ్ బయట వేశారేమో కూడా చూడండి. డిస్కు అంచున గట్టు లేచి ఉంటే కొత్త ప్యాడ్ అంచు దానికి రాసుకుంటుంది. లేత్ పట్టించి డిస్కును చదును చేయించవచ్చు, కానీ డిస్కు మీద అచ్చు వేసిన కనీస మందం కంటే తగ్గేటట్లుంటే రెండు వైపులా మార్చాల్సిందే.

ఒక్కటి మరవకండి. పిస్టన్ వెనక్కి నొక్కేటప్పుడు బ్రేకాయిల్ డబ్బా పొంగుతుందేమో చూసుకోండి, పెయింటు మీద పడితే తినేస్తుంది. అంతా బిగించాక, బండి కదిలించే ముందు పెడల్ గట్టిపడేదాకా నాలుగైదు సార్లు నొక్కండి. లేకపోతే మొదటి బ్రేకు పడదు.