రేపే చర్మం డాక్టర్ అపాయింట్‌మెంట్, ఏం రాసుకుని వెళ్లాలో తేలట్లేదు

వానచినుకు:
మూడు గంటలుగా కాగితం ముందేసుకుని కూర్చున్నాను, రాయడం కొట్టేయడం, ఇదే పని. రేపు పొద్దున పదిన్నరకి అపాయింట్‌మెంట్. పోయినసారి ఐదు నిమిషాల్లో బయటికొచ్చేశాను, అడగాలనుకున్నవన్నీ మెట్లు దిగుతుంటే గుర్తొచ్చాయి. ఏడుపొచ్చింది. నెల రోజులుగా మోచేతుల మీద పొలుసులు రాలి రోజూ పక్క దులుపుకున్నాను, సరిగ్గా ఈ వారమే తగ్గి కూర్చుంది. ఇప్పుడు వెళ్లి ఏం చూపించాలి? సోరియాసిస్ ఉన్నవాళ్లు డాక్టర్ దగ్గరికి ఏం తీసుకెళ్తారు, ఎలా చెప్తారు? దయచేసి "డాక్టర్‌నే అడగండి" అనకండి, ఆ అడగడమే రావట్లేదు నాకు.

గట్టుమీద:
ఏం మందులు? ఎన్నాళ్లుగా? ఎక్కడెక్కడ ఉంది? ఇవి లేకుండా ఎవరూ ఏం చెప్పలేరు.

నీలికొండ:
ఫోటోలున్నాయా మీ దగ్గర? నేను చెప్పేది ఎప్పుడూ ఇదే, ఫోటోలు, ఫోటోలు. డాక్టర్‌కి కనిపించేది ఆ రోజు చర్మమే, ఈ జబ్బేమో ఎక్కువవుతూ తగ్గుతూ ఉంటుంది. ఎక్కువైన రోజున పగటి వెలుతురులో, ఒకటి దగ్గరగా, ఒకటి కాస్త దూరంగా, పక్కన స్కేలు పెట్టి తీయండి, తేదీ ఫోన్‌లోనే ఉంటుంది. రాత్రి లైటు కింద తీస్తే ఎరుపు సరిగ్గా తెలీదు. ఇంకోటి, రేపు బయల్దేరే ముందు మచ్చల మీద నూనె గానీ క్రీమ్ గానీ దట్టంగా పట్టించకండి, పొలుసు అణిగిపోయి అసలు రూపం కనిపించదు. గోళ్లకి రంగుంటే తీసేయండి, గోళ్ల మీద గుంటలున్నాయా అని చూస్తారు.

వానచినుకు:
ఏడేళ్లుగా ఉందండీ. మోచేతులు, తల. మందంటే ఆ తెల్ల ట్యూబే, పేరు గుర్తులేదు. అయిపోయినప్పుడల్లా మందుల షాపులో అదే తెచ్చుకుంటాను.

తెల్లకాగితం:
"ఆ తెల్ల ట్యూబు" అంటే డాక్టర్‌కి ఏం అర్థమవుతుందండీ? నాకు బాధగా ఉంది, కోపం కాదు. నేనూ ఇలాగే చేసి చర్మం పల్చబడేదాకా తెచ్చుకున్నాను. చాలా ట్యూబుల్లో స్టెరాయిడ్ ఉంటుంది, అందులో బలాలు వేరువేరు, తలకి ఇచ్చేది ముఖానికి పనికిరాకపోవచ్చు. ఖాళీ ట్యూబైనా సరే సంచిలో వేసుకెళ్లండి. ఒక ట్యూబు ఎన్నాళ్లకి అయిపోతోందో కూడా చెప్పండి, ఎంత రాస్తున్నారో దాన్నిబట్టి వాళ్లకి తెలుస్తుంది. చూపుడు వేలి కొన నుంచి మొదటి గీత వరకు పిండితే సుమారు అర గ్రాము, అది వేళ్లతో కలిపి రెండు అరచేతులంత చోటుకి సరిపోతుంది. మనమేమో ఒకరోజు పులిమేస్తాం, నాలుగు రోజులు వదిలేస్తాం, తర్వాత "మందు పనిచేయలేదు" అంటాం. మానేసిన రోజులు కూడా నిజం చెప్పండి. లేకపోతే పనిచేసే మందే మార్చేస్తారు.

పాతచెట్టు:
మా ఇంట్లో దీన్ని తామర అనేవాళ్లు. డాక్టర్‌తో తామర అంటే సరిపోతుంది కదా, ఇంత పెద్ద పేరెందుకు?

తెల్లకాగితం:
సరిపోదండీ. తామర అంటే ఎక్కువమంది ఫంగస్ వల్ల వచ్చేదే అనుకుంటారు, అది అంటుకుంటుంది. సోరియాసిస్ ఒకరి నుంచి ఒకరికి అంటదు, మన రోగనిరోధక వ్యవస్థే అతిగా పనిచేసి చర్మ కణాలు గబగబా పెరిగిపోతాయి. ఫంగస్ మీద స్టెరాయిడ్ రాస్తే పైకి తగ్గినట్టుండి ఇంకా పాకుతుంది. పేరు తప్పైతే మందూ తప్పుతుంది.

పాతచెట్టు:
ఎగ్జిమాని కూడా తామర అంటారు. పేరు జనం పెట్టుకున్నది, జనాన్ని తప్పు పట్టకండి.

గట్టుమీద:
ఆవిడ అడిగింది వేరు. వానచినుకు గారూ, వేరే మందులేమైనా వాడుతున్నారా? కీళ్ల నొప్పులున్నాయా?

వానచినుకు:
చర్మానికైతే ఇంకేం లేవు. గుండె దడకి ఒక మాత్ర, నాలుగు నెలల నుంచి వేసుకుంటున్నాను, అది వేరే డాక్టర్ ఇచ్చారు, దీనికి సంబంధం లేదు కదా. పొద్దున లేవగానే వేళ్లు ముడుచుకోవు, ఒక గంటకి సర్దుకుంటాయి. టైపింగ్ ఎక్కువ చేస్తాను, దానివల్లే.

గట్టుమీద:
ఆ రెండూ కాగితం మీద పైన రాయండి. మొదటి రెండు వరుసలు అవే.

నీలికొండ:
అవునమ్మా. ఇది ముందే చెప్పాల్సింది మీరు. సోరియాసిస్ ఉన్నవాళ్లలో కొందరికి కీళ్లవాతం కూడా వస్తుంది. పొద్దున అరగంట దాటి బిగుసుకుపోవడం, ఒక వేలు మొత్తం ఉబ్బడం, మడమ నొప్పి, ఇవి అడుగుతారు. చర్మం తగ్గిందంటే కీళ్లు కూడా బాగున్నాయని కాదు. వదిలేస్తే కీలు దెబ్బతినొచ్చు, దెబ్బతింటే మళ్లీ మామూలవదు. టైపింగ్ వల్లే కావచ్చు, కానీ అది తేల్చాల్సింది మీరు కాదు. దడకి ఇచ్చే కొన్ని మాత్రలు, ప్రొప్రనలాల్ లాంటివి, కొంతమందిలో సోరియాసిస్‌ని రేపుతాయి. అలాగని ఈ రాత్రే మానేయకండి, అది ప్రమాదం. పేరు, మోతాదు, మొదలుపెట్టిన తేదీ రాసుకుని వెళ్లి చూపించండి, చాలు.

తెల్లకాగితం:
ఇంకో రెండు, మొహమాటపడకుండా. తొడల మధ్య, రొమ్ముల కింద, జననాంగాల దగ్గర ఉంటే చెప్పండి, అడగకపోయినా. అక్కడ వాడే మందు వేరు. పిల్లల కోసం అనుకుంటుంటే అది కూడా మందు రాయకముందే చెప్పాలి, సోరియాసిస్‌కి ఇచ్చే మెథోట్రెక్సేట్, అసిట్రెటిన్ అనే మందులు గర్భానికి హాని. మెథోట్రెక్సేట్ రాస్తే వారానికి ఏ రోజో కాగితం మీద రాయించుకోండి. సోరియాసిస్‌కి అది వారానికి ఒక్కరోజే, పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదకొస్తుంది. నిద్ర పట్టట్లేదు, పొట్టి చేతుల బట్టలు మానేశాను, ఇలాంటివి కూడా చెప్పండి, ఎంత ఇబ్బంది పెడుతోందన్నది కూడా చూసి వైద్యం నిర్ణయిస్తారు.

పాతచెట్టు:
మా నాన్నకి అసలు నయమైపోయింది. ఇది జీవితాంతం ఉంటుందంటారు అందరూ, అలా భయపెట్టకండి.

తెల్లకాగితం:
నయం వేరు, అదుపు వేరు. ఏళ్ల తరబడి కనిపించకుండా ఉండొచ్చు, సంతోషం. మళ్లీ రాదని మాత్రం ఎవరూ మాటివ్వలేరు.

పాతచెట్టు:
పదేళ్లు రాకపోతే దాన్ని నయమనే అంటారు మా వైపు.

వానచినుకు:
ట్యూబు దొరికింది, మాత్ర పేరు రాసుకున్నాను. పోయిన నెల చెల్లికి పంపిన ఫోటో ఒకటుంది, మోచెయ్యిది. థాంక్స్ అండీ అందరికీ, పడుకుంటాను.

నీలికొండ:
వానచినుకు గారూ, వెళ్లొచ్చారా? వేళ్ల గురించి ఏమన్నారు?