బీ.ఈ.2సీ మోడల్: దారం బిగిస్తే రెక్క మెలి తిరుగుతుంది, ముందు సీటు సంగతేంది?

నల్గొండ_గ్లైడర్:
కాలేజీ ప్రదర్శనకు 1:10 సైజుల బీ.ఈ.2సీ చేస్తున్నం, మొదటి ప్రపంచ యుద్ధంల బ్రిటిషోళ్లు వాడిన, ఒకదాని మీద ఒకటి రెండు రెక్కలుండే విమానం. రెక్కల పొడవు 113 సెం.మీ. దారాలు బిగించగానే పై ఎడమ రెక్క కొసకాడ వెనక అంచు 3 మి.మీ. పైకి లేస్తుంది. తూకం ఎక్కడ రావాలె? ఇంకొకటి, నిఘా విమానమంటరు గదా, పరిశీలకుణ్ని ముందట తీగల నడుమ ఎందుకు కూసోబెట్టిన్రు?

పాలమూరు_రెక్క:
ముందు సీటు దాదాపు బరువుకేంద్రం మీదనే ఉంటది. బాంబులు మోసేటప్పుడు పరిశీలకుణ్ని దింపి పైలట్ ఒక్కడే పోయేది, సీటు ఖాళీగున్నా తూకం చెడదు.

1914ల ఇంగ్లండ్‌ల ఫార్న్‌బరోల ఎడ్వర్డ్ బస్క్ అనే ఇంజనీరు దీన్ని తనంతట తనే నిలకడగ ఎగిరేటట్టు మలిచిండు. రెక్కల కొసలు పైకెత్తిండు, పై రెక్కను కింది దానికంటె ముందుకు జరిపిండు, రెక్కను మెలిపెట్టి తిప్పే పద్ధతి తీసేసి ఎయిలరాన్లు, అంటే రెక్క వెనక అంచుకు కదిలే పలకలు, పెట్టిండు. గాలి తోసి ఒరిగినా తనే సర్దుకుంటది. ఫొటోలు తీసేటందుకు ఇంతకంటె ఏం గావాలె! కెమెరాను పైలట్ పక్కన బాడీకి బిగించేది, చాలాసార్లు ఆయనే తీసేది.

1915ల ప్రొపెల్లర్ నడుమ నుంచి కాల్చే జర్మన్ ఫోకర్ యుద్ధవిమానాలు వచ్చినంక ఆ నిలకడే ప్రాణం మీదికి తెచ్చింది. గబుక్కున మర్లదు. ముందట ప్రొపెల్లర్, పైన రెక్క, చుట్టూ తీగలు. పరిశీలకుడు తుపాకి ఎటు తిప్పాలె?

దేవరకొండ_బాల్సా:
తమ్మీ, దారాలన్నీ ఇప్పేయున్రి. ముందుగాల ల్యాండింగ్ దారాలు, అంటే పై రెక్క నడిమి నుంచి కింది రెక్క బయటి కొయ్య దాకా పోయేటివి, కట్టున్రి. కొస ఎంత లేవాలన్నది అవే నిలబెడ్తయి. 50 సెం.మీ. రెక్కకు కొస 3 సెం.మీ. లేస్తే 3.5 డిగ్రీలు. తర్వాత ఫ్లయింగ్ దారాలు, అంటే కింది రెక్క మొదలు నుంచి పై రెక్క బయటి కొయ్య దాకా పోయేటివి, ఎడమ ఒకటి, కుడి ఒకటి, కొంచెం కొంచెంగ బిగియున్రి.

వెనక అంచు లేచిందంటే ముందరి ఫ్లయింగ్ దారమన్న ఎక్కువ లాగుతుంది, వెనకటి ల్యాండింగ్ దారమన్న బిగుసుకుంది. దాన్నే వదులు చెయ్యున్రి. ఎదురుగున్న దారం ఇంకా బిగిస్తే రెక్క బద్దె వంగుతది. మామూలు నైలాన్ గాలం దారం వద్దు, మన ఎండకు సాగుతది. అల్లిన గాలం దారం పనికొస్తది.

దారాలు ఇప్పినా మెలి పోకపోతే తప్పు డోప్‌ది, అంటే రెక్క కాగితం బిగియనీకి పూసే వార్నిష్ లాంటి దానిది. డోప్ పూసినంక ఆరేదాకా రెక్కను చదును బోర్డుకు పిన్నులు కొట్టే ఉంచాలె, లేకుంటె కాగితం గుంజుకుంటది.

పాలమూరు_రెక్క:
తూకం లెక్క: రెక్క వెడల్పు 17 సెం.మీ., పై రెక్క 6 సెం.మీ. ముందుకు ఉంటది. రెండిటి సగటు ముందంచు పై రెక్క ముందంచుకు 3 సెం.మీ. వెనక పడ్తది. దానికి వెడల్పుల నాలుగో వంతు, 4.25 కలుపున్రి. పై రెక్క ముందంచు నుంచి 7.25 సెం.మీ. కాడ వేళ్ల మీద నిలబడాలె. తోక బరువైతే ముక్కుల సీసం పెట్టున్రి, ఇంజన్ వెనక కాదు, ప్రొపెల్లర్‌కు ఎంత దగ్గరైతే అంత తక్కువ సీసం పడ్తది.