సమస్యాపూరణం: ‘ఏనుగులు లేని వనమున నేన్గుఁ గంటి’

నిర్వాహకులు:
ఈ వారం సమస్య ఇదీ. ఇది పద్యంలో చివరి పాదం, పైన మూడు పాదాలు మీరు రాయాలి:

*ఏనుగులు లేని వనమున నేన్గుఁ గంటి*

పోయిన నెల నైరోబిలో మా తమ్ముడింట్లో ఉన్నాను. ఒక ఆదివారం పొద్దున్నే ఆరింటికి నేషనల్ పార్కు గేటు దగ్గర నిలబడ్డాం, సాయంత్రానికి ఇల్లు చేరాం. నడి ఊరి నుంచి ఏడు కిలోమీటర్లే దూరం. జిరాఫీ మెడ ఎత్తితే వెనకాల ఊళ్ళోని మేడలు కనిపిస్తాయి, స్తంభాల మీద వేసిన వంతెన మీదుగా రైలు పోతుంది. 1946లో ఏర్పాటైన పార్కు, కెన్యాలో మొదటిది. 117 చదరపు కిలోమీటర్లు. మూడు పక్కలా కంచె, దక్షిణాన మాత్రం మైదానాల వైపు తెరిచి ఉంటుంది. సింహాలున్నాయి, నల్ల ఖడ్గమృగాలున్నాయి. ఏనుగుల మందలు మాత్రం లేవు, వాటికి ఆ చోటు చాలదు. డ్రైవరు ఆ మాట అనగానే నాకు ఈ పాదం తట్టింది. పూరించండి. ‘కలలో కన్నాను’ అని తప్పించుకునే దారి వీలైనంతవరకు వదిలేయండి.

గోదారిగట్టు:
*తల్లి లేనట్టి కూన తాఁ దాదిపాలు*
*సీసతోఁ ద్రావి మంటిలోఁ జేరి పొరలు*
*నాటఁ జూచితి నైరోబి యడవిలోన*
*నేనుగులు లేని వనమున నేన్గుఁ గంటి*

నిర్వాహకుల వారూ, మీరు పార్కంతా తిరిగి అసలు చోటు వదిలేశారు. తల్లిని పోగొట్టుకున్న ఏనుగు కూనల్ని పెంచే షెల్డ్రిక్ ట్రస్టు వారి నర్సరీ ఆ పార్కులోనే ఉంది. పొద్దున పదకొండింటికి ఒక్క గంట సేపు చూడనిస్తారు. ఎర్రమట్టిలో దొర్లి, పాలు తాగి, కాపరి కోటు పట్టుకు లాగుతాయి. రాత్రిళ్ళు కాపరులు వాటి పక్కనే పడుకుంటారు. కాస్త పెద్దవయ్యాక సావో అడవులకు పంపుతారు.

లఘువు:
పూరణ బాగుంది. కానీ సీసా ‘సీస’ అయింది. సీస అంటే సీసమనే అర్థం వస్తుంది, పసికూన నోటికి ఆ మాట వద్దు. ‘క్షీరముం ద్రావి’ అంటే గణం సరిపోతుంది, యతీ నిలుస్తుంది.

గోదారిగట్టు:
క్షీరమంటే సీసా పోతుంది కదా లఘువు గారూ! తొండం పైకెత్తి, అంత పెద్ద సీసాని నోట్లో పెట్టుకుని గుటగుటా తాగడమే ఆ దృశ్యం. అది లేకపోతే నేను చూసింది పద్యంలో లేనట్టే.

నల్లమల:
లఘువు గారికి ఎప్పుడూ అక్షరమే కనిపిస్తుంది, బొమ్మ కనిపించదు. అయినా ఆయన పట్టిన దానికన్నా పెద్ద తప్పు ‘దాదిపాలు’. అది చనుబాలని తోస్తుంది. అక్కడ పట్టేవి కలిపిన పాలు. ఆవుపాల కొవ్వు ఏనుగు కూనకు అరగదు. ఆ సంగతి తెలియని రోజుల్లో పాలు పడక కూనలు చచ్చిపోయేవి. డాఫ్నీ షెల్డ్రిక్ ఏళ్ళ తరబడి ప్రయత్నించి, పసిపిల్లల పాలపొడికి కొబ్బరినూనె జోడించి దారి కనిపెట్టింది. అందుకని ఇలా అనండి:

*తల్లి లేనట్టి కూన తా దాది యొసఁగు*
*బుడ్డిపాల్ త్రావి మంటిలోఁ బొరలుచుండు*

గోదారిగట్టు:
బుడ్డిపాలు! మా అమ్మమ్మ మాట. తీసుకున్నాను నల్లమల గారూ, దండాలు.

మొలక:
కొత్త సభ్యురాలిని. తప్పులుంటే చెప్పండి.

*సింహముం జూడఁ బోయితి జీపు నెక్కి*
*ఖడ్గమృగమును జూచితిఁ గాని, యొక్క*
*కునుకు పట్టఁగ సీటులోఁ గూరుచుండి*
*యేనుగులు లేని వనమున నేన్గుఁ గంటి*

లఘువు:
వద్దన్న దారిలోనే వెళ్ళారమ్మా. అది సరే. రెండో పాదంలో మొదటి గణం చూడండి. ‘ఖడ్గమృగము’ సమాసం కదా, ‘మృ’ ముందున్న ‘గ’ గురువవుతుంది. గణభంగం.

నల్లమల:
కాదు. ‘మృ’ సంయుక్తాక్షరం కాదు. మకారానికి చేరింది ఋకారం, అది అచ్చు. వట్రుసుడికి ముందున్న అక్షరం గురువు కానే కాదు. ‘గ’ లఘువే, గణం నిక్షేపంగా ఉంది. అమ్మాయి చేత మంచి పాదం దిద్దించకండి. పోయిన సమస్యకు మీరు రాసిన కందంలో ‘పితృదేవ’ అన్నారు, అక్కడ ‘పి’ని లఘువుగానే లెక్కపెట్టారు. మీ తండ్రిగారి మీద రాసిన పద్యం కనుక అప్పుడు నేనేమీ అనలేదు. అనడానికీ ఏమీ లేదు, అది సరైనదే కాబట్టి.

లఘువు:
ఒప్పుకుంటున్నాను. మొలకా, నీ పాదం తప్పులేనిది. కంగారులో రాసేశాను. నల్లమల గారు ఆ కందం గుర్తుపెట్టుకున్నందుకు సంతోషం. ఆ వారం మీరొక్కరే దాన్ని గురించి ఏమీ రాయలేదని బాధపడ్డాను.

మొలక:
ధన్యవాదాలండీ. ‘మృ’ దగ్గర నేనూ టెన్షన్ పడ్డాను, రెండు రోజులు ఆ పాదం దగ్గరే ఆగిపోయాను.

పాలపిట్ట:
*దంతముల గుట్టఁ గాల్చిన తావుఁ జూడ*
*బూది మాటునఁ గదలెను బొమ్మవోలె*
*నీడ యొక్కటి తొండమ్ము నిగుడఁ జేసి*
*యేనుగులు లేని వనమున నేన్గుఁ గంటి*

ఆ పార్కులోనే 1989లో అధ్యక్షుడు మోయి దొంగవేటగాళ్ళ దగ్గర పట్టుకున్న 12 టన్నుల ఏనుగు దంతాలకు నిప్పు పెట్టారు. 2016 ఏప్రిల్ 30న మళ్ళీ అక్కడే 105 టన్నులు, పదకొండు కుప్పలు. దంతం తనంతట తాను అంటుకోదు, ఇంధనం పోసి కాల్చాలి. ఆ చోట నిలబడితే నాకు మాట రాలేదు.

నిర్వాహకులు:
నేను దాని పక్కనుంచే వచ్చాను పాలపిట్ట గారూ, జీపు దిగి ఐదు నిమిషాలు చూసి ఫోటో తీసుకున్నాను. పాదం ఇచ్చింది నేనే, ఈ ఏనుగు నాకు కనిపించలేదు. ‘నిగుడఁ జేసి’ దగ్గర ఒళ్ళు జలదరించింది.

గోదారిగట్టు:
నా పూరణలో ఉన్నది బతికిన కూన. ఇది దాని తల్లి.

నల్లమల:
పాలపిట్ట గారి తర్వాత రాయడం కష్టం. అయినా నేను వేరే అడవికి వెళ్ళాను. నైరోబి నుంచి తెల్లవారకముందే బయల్దేరి అంబోసెలి చూసి రాత్రికి తిరిగొచ్చాం. కిలిమంజారో టాంజానియాలో ఉన్నా, మబ్బు తొలగితే అంబోసెలి నుంచి నిండుగా కనిపిస్తుంది.

*మంచుకొండను జూడఁగ మార్గమందు*
*మావటీఁడు లేఁడంకుశమైన లేదు*
*గుళ్ళ వాకిళ్ళఁ గట్టిన గొలుసు కాళ్ళ*
*ఏనుగులు లేని వనమున నేన్గుఁ గంటి*

మొలక:
అబ్బ! ‘గొలుసు కాళ్ళ’ దగ్గర ఆగి మళ్ళీ మొదటి నుంచి చదివాను. ఏనుగులు లేని వనం అనేసరికి అందరం అసలు ఏనుగే లేదనుకున్నాం. మీరు మూడో పాదం చివర రెండు మాటలు చేర్చి ఏనుగుల్ని రెండు రకాలు చేశారు.

లఘువు:
విరుపు అద్భుతం, ఈ వారం నా ఓటు దీనికే. కానీ ‘కాళ్ళ’ తర్వాత అచ్చు అలా వదిలేయకూడదు, యడాగమం రావాలి. ‘కాళ్ళ యేనుగులు’. యతికి ఇబ్బంది లేదు. మొలక ‘కూరుచుండి యేనుగులు’ అని చక్కగా రాసింది చూడండి.

నల్లమల:
నిజమే, సమస్యాపాదం ముట్టుకోకూడదని అలాగే ఉంచాను. ‘యేనుగులు’ అని దిద్దుతున్నాను. చిన్నప్పుడు మా ఊరి గుడి ముందు ఏనుగుకి నేను రోజూ అరటిపండు పెట్టేవాణ్ణి లఘువు గారూ. దాని కాలికి గొలుసు ఒరుసుకున్న చోట వెంట్రుకలుండేవి కావు. అంబోసెలిలో జీపుకి ఎదురుగా వచ్చిన ఆడఏనుగు కాళ్ళ వైపే చాలాసేపు చూశాను.