మా వీధి సంఘం చరిత్ర, ఆశయాలు రాయాలి: ఎక్కడ మొదలుపెట్టను?

ప్రశ్న (బరంపురం, విశ్రాంత ఉపాధ్యాయురాలు)

అందరికీ నమస్కారం. మాది బరంపురంలో పాత నేతవారి వీధి. తెలుగు ఇళ్లు, ఒడియా ఇళ్లు కలిపి అరవై నాలుగు గడపలు. మా సంఘానికి ఇంతకాలం పేరు లేదు, ముద్ర లేదు. అవసరం వచ్చినప్పుడు అరుగు మీద కూర్చుని మాట్లాడుకోవడమే సంఘం. ఇప్పుడు పిల్లలు రిజిస్టరు చేయిద్దామంటున్నారు. దరఖాస్తులో ఆశయాలు రాయాలి, వీధి మొదట్లో పెట్టే బోర్డు మీద నాలుగు వాక్యాల చరిత్ర ఉండాలి. రెండూ నన్నే రాయమన్నారు.

నా దగ్గర ఉన్న ఆధారం మా మామగారి లెక్కల పుస్తకం ఒక్కటే. మొదటి పుట 1999 అక్టోబరుది. ఆ ఏడాది తుపాను అనగానే అందరూ 29న జగత్‌సింగ్‌పూర్ వైపు విరుచుకుపడినదాన్నే తలుచుకుంటారు. మా గంజాం జిల్లాకు దెబ్బ తగిలింది అంతకు పన్నెండు రోజుల ముందు, గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన తుపానుతో. మామగారు రాసుకున్నది ఇంతే: 'మగ్గం గుంటలన్నిటా నీళ్లు. గుంటకు ఇద్దరు మనుషులు తోడాలి. ముందు వితంతువుల ఇళ్లు.' ఈ చివరి మాట చదివినప్పుడల్లా నా గొంతు పూడుకుపోతుంది.

ఆ తర్వాత పద్నాలుగేళ్ల పుటల్లో కొళాయి వంతులు, వెలగని దీపస్తంభాలు, వానలకు ముందు కాలువ పూడిక, ఎవరు ఎన్ని గంటలు పని చేశారో. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను వచ్చిన నాటి పుట నా చేతిరాతలో ఉంది. దసరా రోజులు. పగలంతా ఇంటింటికీ తిరిగి, పెంకుటిళ్లు ఏవి, మంచం దిగలేని వారు ఎవరు, నిండు గర్భిణులు ఎవరు అని జాబితా రాశాం. చీకటి పడకముందే వాళ్లను బడి భవనానికి చేర్చాం. రాత్రి గాలి గంటకు 200 కిలోమీటర్లు దాటింది. మా వీధిలో ఆరు పైకప్పులు ఎగిరిపోయాయి, మనిషికి దెబ్బ తగల్లేదు.

ఇప్పుడు నా చిక్కులు. పిల్లలు రాసుకొచ్చిన ఆశయం 'ప్రాంత సమగ్ర సుస్థిర అభివృద్ధి సాధన'. నాలుగుసార్లు చదివాను, అందులో మా వీధి కనిపించలేదు. పెద్దవాళ్లేమో మా ఊరి అమ్మవారి జాతర, ఠాకురాణి యాత్ర, చందాలు కూడా సంఘమే చూడాలంటున్నారు. ఇక బోర్డు ఏ లిపిలో? మనవలకు తెలుగు చదవడం రాదు, మా అత్తగారి వయసు వాళ్లకు ఒడియా చదవడం రాదు. అనుభవం ఉన్నవారు చెప్పండి.

జవాబు 1 (రాయగడ, పురపాలక కార్యాలయంలో పనిచేసి విరమించినవారు)

టీచరు గారూ, ముందు ఒక తేడా పిల్లలకు చెప్పండి. 74వ రాజ్యాంగ సవరణ మూడు లక్షలు, అంతకు మించి జనాభా ఉన్న పట్టణాల్లో వార్డు కమిటీలు ఉండాలంది. మీ ఊరు 2011 జనగణనకే మూడున్నర లక్షలు దాటింది. ఆ కమిటీ చట్టం కింద ఏర్పడేది. మీది జనం తమంతట తాము కూడి పెట్టుకున్నది. రెంటినీ కలిపి రాస్తే తర్వాత కార్యాలయంలో ప్రతి బల్ల దగ్గరా మీరెవరని అడుగుతారు.

బరంపురానికి 1867 నుంచి పురపాలక సంఘం ఉంది, 2008లో నగరపాలక సంస్థ అయింది. నీళ్లు, చెత్త, వీధి దీపాలు దాని బాధ్యత. అందుకని ఆశయాల్లో 'నీరు సరఫరా చేయుట' అని ఎప్పుడూ రాయవద్దు. 'నీటి సమస్యను సంస్థకు రాతపూర్వకంగా తెలిపి, పరిష్కారమయ్యే వరకు అడుగుట' అని రాయండి. నేను బల్లకు అవతలి వైపు కూర్చున్నవాణ్ణి, నా మాట నమ్మండి. నోటితో చెప్పి వెళ్లిన ఫిర్యాదు సాయంత్రానికి మరుగున పడుతుంది. తేదీ వేసి, నకలు మీద సంతకం తీసుకున్నది ఫైలులో మిగులుతుంది.

1860 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం కనీసం ఏడుగురు కావాలి. సర్వసభ్య సమావేశం అయిన 14 రోజుల్లో కార్యవర్గం జాబితా ఏటా దాఖలు చేయాలి. చాలా సంఘాలు ఇక్కడే జారిపోతాయి. ఆశయాలు మార్చాలంటే ప్రత్యేక సమావేశంలో ఐదింట మూడు వంతుల మంది ఒప్పుకోవాలి, నెల తర్వాత మరో సమావేశంలో మళ్లీ అంతమందీ ఖాయం చేయాలి. కాబట్టి తొందరపడకండి.

జవాబు 2 (బిలోలి, నాందేడ్ జిల్లా)

అమ్మా, మా నాన్నగారు ముంబయి దగ్గరి భివండిలో పవర్‌లూమ్ మీద పనిచేశారు. అక్కడ మన పద్మశాలీలు వేల మంది. ఆ ఊరు 1970లో, మళ్లీ 1984లో మత కలహాల్లో కాలింది. 1988లో అక్కడికి వచ్చిన పోలీసు అధికారి సురేశ్ ఖోపడే మొహల్లా కమిటీలు, అంటే పేటల వారీ కమిటీలు, పెట్టించారు. హిందువులు, ముస్లింలు ఒకే చోట కూర్చోవాలి, అందులో మామూలు మనుషులు ఉండాలి. కాలువ గొడవ, కొళాయి గొడవ చిన్నగా ఉన్నప్పుడే అక్కడ తెగేది. 1992 డిసెంబరులో, 1993 జనవరిలో ముంబయి మండుతుంటే భివండి నిలబడింది. మా నాన్నగారు దాని గురించి చెప్పేటప్పుడు ఆయన స్వరమే మారిపోయేది.

ఇది ఎందుకు రాస్తున్నానంటే, మీ ఆశయాల్లో ఎవరు సభ్యులో మొదటి వాక్యంలోనే తేల్చండి. వీధిలో పొయ్యి వెలిగే ప్రతి ఇల్లూ సభ్యురాలే అని. అద్దె ఇళ్ల వారిని మరిచిపోకండి.

జవాబు 3 (పర్లాకిమిడి)

అక్కా, 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు మా సంస్థానాన్నే రెండుగా చీల్చారు. లిపి సంగతి మాకు పుట్టుకతో వచ్చింది. దరఖాస్తు ఒడియాలోనే ఇవ్వండి, పని త్వరగా జరుగుతుంది. బోర్డు మాత్రం రెండు లిపుల్లో, ఒకే పరిమాణంలో, పక్కపక్కన రాయించండి. కిందొకటి పైనొకటి వద్దు, దాని మీద కూడా మనసులు నొచ్చుకుంటాయి.

యాత్ర చందా విషయంలో నాది గట్టి అభిప్రాయం. బుఢీ ఠాకురాణి యాత్రను నడిపించడానికి మీ ఊళ్లో నేతపని చేసే డేరా కులానికి పెద్ద, దేశిబెహెరా అని పిలిచే ఆయన ఉన్నారు. రెండేళ్లకోసారి ఆ సంప్రదాయం తన దారిన తాను నడుస్తోంది. కాలువ డబ్బు, అమ్మవారి డబ్బు ఒకే పెట్టెలో వేయవద్దు. మా వీధిలో వేశాం. ఒక దసరాకు లెక్క తేలక, పదేళ్లుగా కలిసి తిరిగిన ఇద్దరు అన్నదమ్ముల్లాంటి మనుషులు ఈనాటికీ ఎదురుపడితే తల తిప్పుకుంటారు.

మళ్లీ ప్రశ్న అడిగినవారు

ముగ్గురికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. బిలోలి నుంచి రాసిన బాబూ, నీ జవాబు చదివి సిగ్గుపడ్డాను. తెలుగు ఇళ్లు, ఒడియా ఇళ్లు అని లెక్క చెప్పాను కానీ, వీధి చివర ఉన్న మూడు ముస్లిం కుటుంబాల మాట నా ప్రశ్నలో లేదు. అరవై నాలుగులో వాళ్లూ ఉన్నారు. వెంటనే ఫైలిన్ పుట తీసి చూశాను. నా చేతిరాతే: 'టార్పాలిన్లు నాలుగు – దర్జీ భాయి ఇల్లు. తిరిగి ఇవ్వాలి.' ఇచ్చినట్టు ఎక్కడా టిక్కు లేదు.

ఆశయాలు ఇలా రాశాను: 'ఈ వీధిలో కాపురం ఉండే ప్రతి ఇల్లు, సొంతదైనా అద్దెదైనా, సంఘంలో భాగం. వీధి సమస్యలను నగరపాలక సంస్థకు రాసి ఇవ్వడం, జవాబు వచ్చే వరకు అడగడం. ఒడియా రాయలేని వారికి దరఖాస్తు రాసిపెట్టడం. లేవలేని వారి, ఒంటరి వారి జాబితాను ఏటా వానలకు ముందు సరిచూడటం, తుపాను హెచ్చరిక రాగానే మొదట వారిని భద్రమైన చోటికి చేర్చడం. లెక్కలు నెలకోసారి అరుగు మీద చదవడం.' యాత్ర చందా ఇందులో లేదు. పెద్దవాళ్లకు నేనే నచ్చజెబుతాను.

బోర్డు మీద చరిత్రకు మొదటి వాక్యం మామగారిదే పెడుతున్నాను: 'ముందు వితంతువుల ఇళ్లు.' రెండు లిపుల్లో, పక్కపక్కన. ఆదివారం అరుగు మీద అందరికీ చదివి వినిపించాలి. దానికి ముందు శనివారం బజారుకు వెళ్లి నాలుగు టార్పాలిన్లు కొంటున్నాను.